కుడి చక్రం

కారు ఎడమకు తిప్పితే చాలు, కింద ఎక్కడో ఇనుమును రాతికేసి అరగదీసినట్టు గర్రుమని చప్పుడు. తిన్నగా పోతే ఏమీ లేదు. కుడికి తిప్పినా ఏమీ లేదు. ఈ మాట వనజమ్మ దసరా అయినప్పటి నుంచి చెబుతూనే ఉంది. విన్నవాళ్లు మాత్రం చప్పుడు సంగతి వదిలేసి ఆమె చేతుల వైపు చూశారు.

జమ్మలమడుగు దగ్గరి ఆ ఊళ్లో కారు నడిపే ఆడమనిషి ఆమె ఒక్కతే. సరదాకు నేర్చుకున్నది కాదు. భర్త నారాయణరెడ్డికి షుగరు వల్ల చూపు మందగించింది. పులివెందుల దగ్గర ఆమెకు తల్లి ఇచ్చిన చీనీ (బత్తాయి) తోట ఉంది. తరచూ పోయి కళ్లారా చూసుకోకపోతే నీళ్లు కట్టేవాడు కట్టడు, కాయ కొనేవాడు నిజం చెప్పడు. కారు తాళం పోతే తోట కూడా చేజారినట్టే. ఆ సంగతి భర్తకు అన్న అయిన బావ ఓబుళరెడ్డికి ఇంకా బాగా తెలుసు. "నీకెందుకమ్మా ఈ తిప్పలు, తాళం నాకియ్యి, తోట నేను చూసుకుంటా" అని ఆయన ఏడాదిగా అంటున్నాడు. ఈ చప్పుడు ఆయనకు బాగా కలిసొచ్చింది.

ప్రొద్దుటూరులో మెకానిక్ హఫీజ్ దగ్గరికి తీసుకుపోతే అతను మొదట అడిగిన మాట, "సార్ రాలేదా అమ్మా?"

"నడిపేది నేనే. ఎడమకు బాగా తిప్పినప్పుడు నా కాళ్ల కాడ నుంచి వస్తాంది చప్పుడు" అంది వనజమ్మ.

హఫీజ్ తల ఊపి ఓబుళరెడ్డికి ఫోన్ కలిపాడు. నడిపే మనిషి ఎదురుగా నిలబడి ఉంటే, ఆ కారు స్టీరింగు ఒక్కనాడూ పట్టని మనిషిని అడగడం ఏం న్యాయమో అతనికే తెలియాలి. "ఎడమకు తిప్పితే కదప్పా చప్పుడు, ఎడమ చక్రం జాయింటు పోయింటాది. నిలబెట్టిన బండికి స్టీరింగు మెలేస్తాది ఆమె. మార్చెయ్" అన్నాడు ఆయన. హఫీజ్ ఎడమ చక్రం ఒక్కటే పైకి లేపి జాయింటు మార్చాడు. కుడి వైపు వంగి కూడా చూడలేదు. ప్రొద్దుటూరు దాటకముందే, ఒక ఎడమ మలుపులో మళ్లీ గర్రుమంది.

"కొత్త జాయింటు వేసినా పోలేదంటే లోపం బండిలో లేదు, చేతిలో ఉండాది" అని బావ తీర్పు చెప్పాడు. అన్నిటికన్నా ఒళ్లు మండే సంగతి ఏమిటంటే, పదిమందీ అదే మాట అనేసరికి వనజమ్మకూ అనుమానం పట్టుకుంది. అన్నం కలుపుకుంటూ కూడా తన చేతుల్ని తానే పరీక్షగా చూసుకుంది.

ఆదివారం పొద్దున ఓబుళరెడ్డి వచ్చి అరుగు మీద కూర్చుని చెయ్యి చాపాడు. "తాళమియ్యి వనజా. రేపటి నుంచి మా మనిషొకడు నడుపుతాడు. తోట కాడికి నువ్వు పోయే పన్లే."

నారాయణరెడ్డి పక్కనే కూర్చుని కండువా మడతలు సరిచేసుకుంటున్నాడు. వనజమ్మ తాళాన్ని పిడికిట్లోనే ఉంచుకుంది.

"ఒక్క చుట్టు తిప్పి అప్పుడిస్తా బావా" అంది.

కాయ కోతకు తనతో తోటకు వచ్చే తిరుపాలమ్మ అప్పటికే గేటు దగ్గర నిలబడి ఉంది. వనజమ్మ ఆమెను పిలిచింది. "నేను ఎడమకు చుట్టు తిప్పుతా. నువ్వు బండి ఎంబడి నడుస్తా చెవి పెట్టు. ఎవరేం చెప్పినా పట్టించుకోవాక. నీకు యాడ వినపడితే ఆడ చెయ్యి చూపీ."

ఇంటి ముందు కళ్లంలో కారు మెల్లగా చుట్టు తిరిగింది. గర్రు మొదలైంది. తిరుపాలమ్మ ఎడమ పక్కన కొంత దూరం నడిచి, తల అడ్డంగా ఊపి, వెనక నుంచి కుడి పక్కకు వచ్చింది. ముందు చక్రం దగ్గర చెయ్యి చూపించింది.

"ఈ పక్కే అక్కా. నువ్వు కూర్చున్న పక్కే."

కారు ఆగాక కొంగు దోపుకుని మోకాళ్ల మీద వంగి చూసింది. "లోపల ఏందో నాడా వేలాడతాంది. చక్రం దానికి ఒరుసుకుంటాంది" అంది.

బయటికి లాగితే గుర్రపు నాడా. దానికి పసుపు మరకలు, నల్లతాడు, తెగిన ఇనుపతీగ. అది ఎవరు కట్టారో అక్కడ తెలియనివాళ్లు లేరు. ఆయుధపూజ నాడు ఓబుళరెడ్డే స్వయంగా బంపరు వెనక దూర్చి కట్టాడు, ఆడమనిషి నడిపే బండికి దిష్టి ఎక్కువని. తీగ ఒక కొస తెగి నాడా చక్రం వైపు జారింది. ఎడమకు తిప్పినప్పుడల్లా కుడి చక్రం ముందు అంచు లోపలికి వచ్చి దానికి రాసుకుంటోంది. టైరు అంచున బొటనవేలు పట్టేంత గాడి పడి, లోపలి తీగలు కనిపిస్తున్నాయి.

ఓబుళరెడ్డి ఆ నాడాను చూశాడు, టైరును చూశాడు, గొంతు సవరించుకున్నాడు. "అది ఉండబట్టే ఇన్నాళ్లూ నీకేం కాలేదు" అన్నాడు.

వనజమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది. నాడాను తెచ్చి అరుగు మీద ఆయన పక్కన పెట్టింది.

"మీరు కట్టిందే బావా అరిచింది. మీరు నా చేతుల్ని అన్నారు. దీన్ని తీసకపోయి మీ గడపకు కొట్టుకోండి. తాళం మాత్రం ఇంకెప్పుడూ అడగొద్దండి."

ఓబుళరెడ్డి లేచి పోయాడు. నాడా అరుగు మీదే ఉండిపోయింది.

"అన్నను అంత మాటనాల్నా?" అన్నాడు నారాయణరెడ్డి నెమ్మదిగా.

ఆమె అతని వైపు తిరిగింది. "నువ్వు తోటకు పోయినప్పుడల్లా నా పక్క సీట్లోనే కూర్చోని వస్తివి. చప్పుడు ఏ పక్క నుంచి వస్తాందో నీకు తెలీలేదా?"

చూపు మందగించింది గానీ అతని చెవులకేం కాలేదు.

"తెలుసు" అన్నాడు. "అన్న చెప్తాంటే నేనేం చెప్పేది."

బావ అన్న మాటలన్నీ కలిపినా ఆమెకు ఇంత నొప్పి పుట్టలేదు. స్టెప్నీ దించి, తిరుపాలమ్మ సాయంతో చక్రం మార్చి, నట్లు బిగించి, చేతులు కడుక్కుంది. నారాయణరెడ్డి అలవాటు ప్రకారం తడుముకుంటూ వచ్చి ముందు తలుపు మీద చెయ్యి వేశాడు.

"వెనక కూర్చో" అంది వనజమ్మ. "ముందర తిరుపాలమ్మ కూర్చుంటాది."

అతను తడుముకుని వెనక తలుపు తీసుకున్నాడు. గేటు దాటాక పులివెందుల దారికి ఆమె స్టీరింగును ఎడమకు పూర్తిగా తిప్పింది. కారు చప్పుడు లేకుండా తిరిగింది.