నిమ్మతొనల కాపలా

ప్రసన్నకుమారి టీచరుకు షుగరు. ఆమె భర్తకూ షుగరే, అత్తగారికీ షుగరే. కేరళలో మలప్పురం దగ్గరి ఆ ఊళ్లో షుగరు ఎంత మామూలంటే, చక్కెర లేని చాయ్ అడిగితే కొట్టువాడు తల కూడా ఎత్తడు. అందుకే బడి తెరిచిన రోజున హోరువానలో సుహరా వచ్చి, మూడో తరగతిలో చేరుతున్న తన కూతురు హిబకు షుగరనీ, రోజూ పొద్దున్నే ఇన్సులిన్ పొడిచి పంపుతాననీ చెబుతుంటే, టీచరు మధ్యలోనే అందుకుంది.

"అది నాకు చెప్పాలా సుహరా? తీపి ముట్టనివ్వను, సరేనా?"

సుహరా ఇంకేదో చెప్పబోయింది. ఇంతలో గంట మోగింది.

టీచరు అన్నంత పనీ చేసింది. పుట్టినరోజు మిఠాయిలు తరగతిలో మాన్పించేసింది. హిబ చేతిలో తీపి కనబడితే లాక్కుని తనకు చెప్పమని పిల్లలకు పని పెట్టింది. పిల్లలకు అంతకంటే ఇష్టమైన పని ఏముంటుంది? లీడరు అనశ్వర అయితే హిబ టిఫిన్ డబ్బా వాసన కూడా చూసేది. వచ్చిన వాళ్లందరికీ హెడ్‌మాస్టరు ఈ తరగతి గురించి గొప్పగా చెప్పేవాడు. తల్లి బ్యాగులో పెట్టి పంపే నిమ్మతొనల బిళ్లల పొట్లం సంగతి మాత్రం హిబ ఎవరికీ చెప్పలేదు. ఒళ్లు వణికినప్పుడల్లా మరుగుదొడ్డికి వెళ్లి ఒకటి నోట్లో వేసుకుని వచ్చేది. ఈ పిల్ల ఊరికే బయటికి పోతుందని టీచరు విసుక్కునేది.

ఆటల పోటీలు దగ్గరపడ్డాయి. ఆ రోజు పొద్దుటి నుంచీ స్కిప్పింగే. వంటశాలలో మధ్యాహ్నం పెట్టే గంజీ పెసలూ ఆలస్యమయ్యాయి. లేచి వెళ్లే ఓపిక లేక హిబ కూర్చున్నచోటే బ్యాగులో చెయ్యి పెట్టింది. అనశ్వర చటుక్కున ఆ చెయ్యి పట్టుకుంది. దొంగ దొంగ అని తరగతంతా గోల పెట్టింది. టీచరు వచ్చి పొట్లం లాక్కుంది.

"మా ఉమ్మే పెట్టింది," అంది హిబ. అప్పటికే నాలుక మడతపడుతోంది.

"మీ అమ్మ మీదికి నెడుతున్నావా? ఎంత గడుసుదానివే!"

టీచరు ఆ పొట్లాన్ని కిటికీలోంచి కర్రపెండలం చేలోకి విసిరేసింది.

హిబ ఏడవలేదు. బల్ల మీద తల వాల్చేసింది. కొంతసేపటికి లేపుదామని టీచరు భుజం పట్టుకుంటే చొక్కా చెమటతో ముద్దయి ఉంది. చెయ్యి చల్లగా వణుకుతోంది. అత్తగారికి ఒకసారి ఇలాగే షుగరు పడిపోతే గ్లాసుడు పంచదార నీళ్లు తాగించింది తనే. ఆ వానలో సుహరా చెప్పబోయిందేమిటో ఇప్పుడు తెలిసింది. టీచరు బాగా భయపడిపోయింది. ఆయాను పంచదార నీళ్ల కోసం వంటశాలకు పరుగెత్తించింది.

"ఎవరి దగ్గరైనా మిఠాయి ఉందా?" అని పిల్లల్ని అడిగింది.

పిల్లలు బ్యాగులు దగ్గరికి లాక్కున్నారు. తమను పట్టుకోవడానికే అడుగుతోందనుకున్నారు.

"తిట్టనర్రా. ఉంటే ఇవ్వండి."

అనశ్వర ఏడుస్తూ తన జామెట్రీ బాక్సు తెరిచింది. స్కేలు కింద నాలుగు నిమ్మతొనలున్నాయి.

హిబకు ఇంకా మింగే తెలివి ఉంది. ఒకటి కొరికింది, ఇంకోటి చప్పరించింది. ఆయా తెచ్చిన పంచదార నీళ్లు తాగాక మెల్లగా మనుషుల్ని గుర్తుపట్టింది.

కబురందుకుని సుహరా పరుగున వచ్చింది. పెద్ద గొడవ అవుతుందని హెడ్‌మాస్టరు తలుపు దగ్గరే నిలబడ్డాడు. ఆమె కూతురి వేలు గుచ్చి రక్తం పరీక్ష చేసి, టీచరు ఎదురుగా కూర్చుంది.

"మళ్లీ మొదటి నుంచీ చెప్తాను టీచర్. ఈసారి చివరిదాకా వినండి."

టీచరు విన్నది. తప్పు తనదేనని పిల్లల ముందు ఒప్పుకుంది. మర్నాడు తన బల్ల మీద మూత లేని సీసా నిండా నిమ్మతొనలు పెట్టింది. హిబ ఎప్పుడైనా తీసుకోవచ్చు, ఎవరినీ అడగక్కర్లేదు అని అందరూ వినేలా చెప్పింది.

కొన్నాళ్లకు స్కిప్పింగ్ మధ్యలో హిబ లోపలికి వచ్చింది. నుదుట చెమట. సీసాలో చెయ్యి పెట్టి ఆగిపోయింది. ముందు అనశ్వర వైపు, తర్వాత టీచరు వైపు చూసింది.

"తినమ్మా," అంది టీచరు.

హిబ తలూపింది. నిమ్మతొనను గుప్పిట్లో దాచుకుని, మరుగుదొడ్డి వైపు నడిచింది.