మగ్గానికి మిగిలిన కొనలు

షావుకారు నెలల తరబడి నేతకు పట్టు ఇవ్వకపోవడంతో లక్ష్మీకాంత్ హిందూపురం మిల్లులో పనికి బయలుదేరాడు. ధర్మవరంలో చీర దించాక పాత పోగుల కొనలను మగ్గానికే వదిలేస్తారు, కొత్త పోగులను వాటికే అతుకుతారు. కోసేస్తే మళ్ళీ ఒక్కో పోగూ మగ్గంలోకి దూర్చుకోవాలి. భర్త కొనలు కోయలేదని ప్రమోద గమనించింది.

“పెనుకొండకు పనికి పోయినప్పుడూ ఇట్లే వదిలిపెడ్తివి. వారం తిరక్కుండానే వచ్చేస్తివి.”

“ఉండనీలే. ఈడ పనొస్తే?”

“మనసు ఈడ పెట్టిపోతే, ఆడ చేతులు యాడ ఆడతాయి?”

ఆమె కత్తెర తెచ్చి కొనలన్నీ కోసేసింది. కోసిన కొనలున్న గుప్పెట మాత్రం తెరవలేకపోయింది.

“మళ్ళా నేయాలంటే?” అన్నాడతను.

“ఒక్కో పోగూ నేనే దూరుస్తా. పో, బస్సొచ్చే టైమైంది.”