పెళ్ళి జాకెట్టు మీద రాతి ఎద్దులు

నంద్యాలలో మగ్గం వర్కు చేసే లూదియాకు నెమళ్ళంటే విసుగు పుట్టింది. ఏ పెళ్ళికూతురు వచ్చినా అవే నెమళ్ళు, అవే తామరపూలు. అట్లాంటి రోజుల్లో, ఆళ్ళగడ్డలో విగ్రహాలు చెక్కే తమ్ముడు ప్రభాకర్‌ను చూసి రావడానికి వెళ్తే, అతను ఆమెను ఊరి బయట ఒక గుట్టకు తీసుకుపోయాడు. అక్కడ నల్లటి బండ మీద ఏ కాలం నాటివో బొమ్మలున్నాయి. మూపురం ఎద్దులు, చేతులు పట్టుకొని చిందేసే మనుషులు.

లూదియా వంగి చూసింది. అవి గీతలు కావు, అన్నీ చుక్కలే.

"ఉలి లేని కాలం అక్కా. రాయితోనే కొట్టినారు. దెబ్బకొక చుక్క" అన్నాడు ప్రభాకర్.

ఇంటికొచ్చి ఎద్దును గొలుసుకుట్టుతో కుట్టింది. మరీ నున్నగా వచ్చింది. విప్పేసింది. ఈసారి సూదికి దారం చుట్టి, ముడి పక్కన ముడి వేస్తూ పోయింది. వేలు పెట్టి చూస్తే బండను తాకినట్టే గరగరలాడింది. ఒక్కతే పైకి నవ్వేసింది.

జాకెట్టు కొలతలివ్వడానికి వచ్చిన యామిని ఆ గుడ్డముక్క చూసి వదల్లేదు. "నా పెండ్లికి ఇదే కుట్టుక్కా!"

వెంట వచ్చిన ఆమె అవ్వ కన్యకమ్మ మండిపడింది. ఇన్నేళ్ళూ బజారులో కిరాణా అంగడి నడిపిన మనిషి, ఏదీ కడుపులో దాచుకోదు.

"పెండ్లికూతురి చేతుల మీద ఎద్దులేందీ? ఎవురు గీసినారో, యాడ గీసినారో!"

"ఆళ్ళగడ్డ గుట్ట బండ మీది పాతకాలం బొమ్మలవ్వా. ఒకసారి వచ్చి సూడండి. నచ్చకుంటే నెమళ్ళే కుడతా" అంది లూదియా.

ఆదివారం చర్చి నుంచి లూదియా రాగానే ముగ్గురూ ఆళ్ళగడ్డ బస్సెక్కారు. గుట్ట ఎక్కినంతసేపూ కన్యకమ్మ లూదియా భుజం పట్టుకొని తిడుతూనే ఉంది. బండ దగ్గరికి రాగానే దాని ముందు చతికిలబడింది. చిందేసే వాళ్ళను ఒక్కొక్కరినీ తేరిపార చూసింది.

"ఈళ్ళు పెండ్లిలో ఎగురుతాండారే!" అంది చివరికి.

"అయ్యుండొచ్చవ్వా" అంది లూదియా.

"మరి ముసల్ది యాడ? ముసల్దాన్ని పిలవకుండానే పెండ్లి చేసినారా? నువ్వు కుట్టేటప్పుడు నన్ను గూడా ఎయ్యి. కొప్పు పెద్దదిగా పెట్టు."

యామిని నవ్వలేక పక్కనే కూలబడింది.

పెళ్ళినాడు యామిని ఎడమ చేతి మీద ఎద్దులు, కుడి చేతి మీద చిందేసే జనం. వాళ్ళ చివర పెద్ద కొప్పుతో ఒక పొట్టి మనిషి. కన్యకమ్మ మనవరాలి చెయ్యి లాగి లాగి వచ్చినవాళ్ళందరికీ చూపించింది. తలంబ్రాలకు వేళైందన్నా వదల్లేదు.

"ఉండప్పా అయ్యవారూ! మగపెండ్లోళ్ళు ఇంకా నన్ను సూల్లేదు" అని పురోహితుణ్ణే ఆపేసింది.

వెనక నిలబడ్డ లూదియా నవ్వు ఆపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.