ఉత్త సాళ్లు

నేను ఒక గొర్రును. తుమ్మకర్రతో చేశారు నన్ను. నా నెత్తిన జడ్డిగం అనే చెక్క గిన్నె ఉంటుంది. అందులో విత్తనం వేస్తే బొంగుల్లోంచి జారి సాలులో పడుతుంది. నాకు వచ్చిన పని ఇదొక్కటే. మనుషులకు ఎన్నో పనులు వచ్చునట, ఆకాశం చూడటం తప్ప!

ఇప్పుడు నన్ను తోలే రైతు మద్దిలేటి. అతని తాత నన్ను చేయించిన రోజుల్లో మృగశిర కార్తె వాన వెంటబెట్టుకుని వచ్చేది. తండ్రి కాలానికి వాన బద్ధకించింది. మద్దిలేటి కాలానికి దానికి బుద్ధి పుట్టినప్పుడు వస్తోంది. గాలి మారింది, పిట్టలు కూడా గూళ్లు ఆలస్యంగా కడుతున్నాయి. మద్దిలేటి మాత్రం మృగశిరలో ఊరందరికంటే ముందు గొర్రు కట్టడం వంశమర్యాద అనుకుంటాడు. మర్యాదకు మొలకెత్తే గుణం లేదని ఆ మహానుభావుడికి ఎవరు చెప్పాలి?

ఆ ఏడు దుమ్ము అణగడానికి కూడా చాలని జల్లు పడింది. ఇంట్లో ఉన్నది ఒక్క విత్తుకు సరిపడా కొర్రలు. అవి పోతే అప్పిచ్చేవాడు లేడు, ఊరంతా అదే తొందరలో ఉంది. మద్దిలేటి భార్య సుంకులమ్మ మట్టిని వేలితో గెలికి చూసింది.

"పదును దిగలేదు. ఇంగో వాన సూద్దాం," అంది.

"పక్క చేన్లో ఈరన్న ఎద్దుల్ని కట్టినాడు. మనం సూస్తా కూచుంటే నగుతారు," అన్నాడతను.

నవ్వుతారట! పస్తులుంటే నవ్వరు కాబోలు.

మద్దిలేటి ఎద్దులను అదిలిస్తూ ఈరన్న చేనువైపే మెడ తిప్పి నడిచాడు. వెనక సుంకులమ్మ జడ్డిగంలో విత్తనం పోస్తూ వచ్చింది. నాలుగు సాళ్లయ్యాక నా బొంగుల్లోకి ఏమీ రాలేదు. ఆమె చెయ్యి ఆడుతూనే ఉంది, పిడికిట్లో మాత్రం గింజ లేదు. పొద్దు వాలేదాకా ఉత్త సాళ్లు గీశాను. తీరా చూసి ఈరన్న కంటే నిటారుగా వచ్చాయని మురిసిపోయాడు మద్దిలేటి.

ఎండకు ఊరి విత్తనమంతా మాడింది. మిగిలింది చీమలు మోసుకుపోయాయి. తర్వాతి ఆరుద్ర కార్తెలో భూమి తడిసి ముద్దయ్యే వాన పడితే, మద్దిలేటి తల పట్టుకుని అరుగు మీద కూలబడ్డాడు. సుంకులమ్మ అటక మీది కుండ దించి అతని ముందు పెట్టింది.

"ఆ పొద్దు నువ్వు తోలింది ఉత్త సాళ్లే. గింజలు నా ఒళ్లోనే ఉండె. లెయ్, ఎద్దుల్ని కట్టు."

అతను లేచి ఎద్దుల్ని కట్టాడు. నాకు ఒక్క క్షణం జాలి కూడా వేసింది.

పైరు మోకాలెత్తు లేచాక ఈరన్న గట్టు మీద నిలబడి, విత్తనం ఎలా మిగిలిందని అడిగాడు. మద్దిలేటి మీసం దువ్వుకుని, మబ్బు వాలకం చూసి తానే సగంలో ఆపించానన్నాడు. పక్కనే కలుపు తీస్తున్న సుంకులమ్మ తలెత్తి చూసి, మళ్లీ వంగి పనిలో పడింది.

నాకంత ఓర్పు లేదు. కట్టెను కాబట్టి ఊరుకున్నాను.