ఎడమ అన్న మాట

గాలివాన వెలిసిన మూడవనాడు వడ్రంగి అన్నదమ్ములిద్దరూ పెరట్లో నిలబడి, కూకటివేళ్లతో లేచి తమ పనిశాల గోడమీద వాలిన చెట్టును తేరిపార చూశారు. మాను బరువుకు గోడ అప్పటికే నెర్రెలు విచ్చింది. చెట్లు కొట్టేవారికి కబురు పెడితే నెల దాటితే గాని రాలేమన్నారు. గోడ కూలితే పైకప్పు కూలుతుంది. దాని కింద ఒక జీవితకాలపు పనిముట్లున్నాయి. కనుక మోటారు రంపం కొని, మాను జోలికి పోకుండా కొమ్మలు మాత్రం తామే కోసి, గోడమీది బరువు తగ్గించాలని నిశ్చయించుకున్నారు.

అన్నకు కుడిభుజం అరిగిపోయి ఏడాదయింది. కోయవలసినవాడు తమ్ముడే. తండ్రి పోయేనాటికి అతడికి పదేళ్లు. ఉలి పట్టడం, గీత గీయడం, చిత్రిక పట్టడం అన్నీ అన్నే నేర్పాడు. అన్నిటికంటే ముందు నేర్పినది ఒకే ఒక్క మాట. కోస్తున్న పలక అదిరినా జారినా, అన్న తన పనిమీదనుంచి తల ఎత్తకుండానే "ఎడమ" అనేవాడు. మరుక్షణం తమ్ముడి ఎడమ అరచేయి ఆ పలకమీద బిగిసేది. కుడిచేయి కోస్తుంది, ఎడమచేయి కాపు కాస్తుంది. అది వాళ్ల పనిశాల ధర్మం. నలభై ఆరేళ్లుగా ఆ మాటను ఆ చేయి ఒక్కసారి కూడా జవదాటలేదు.

రంపాల కొట్లో అన్న అడిగిన ప్రశ్నలకు కొట్టు యజమానికి గొంతు ఎండిపోయింది.

"పెద్దాయనా, మీరు రంపం కొంటున్నారా, పిల్లనిస్తున్నారా?" అన్నాడు చివరికి.

"పిల్లనిచ్చేటప్పుడు ఇన్ని అడగలేదయ్యా. అందుకే అల్లుడు అలా తగలడ్డాడు," అన్నాడు అన్న. తమ్ముడు నవ్వు ఆపుకోలేక పక్కకు తిరిగాడు.

పెట్రోలు రంపం బలమైనదే గాని బరువెక్కువ. దాని మోతకు పక్కవాడి కేక కూడా వినబడదు. బ్యాటరీది తేలిక, మీట వదిలితే కోసే పళ్లగొలుసు ఆగిపోతుంది. అన్న దానినే ఎంచాడు. గొలుసు తిరిగే పట్టీ మరీ పొడవైతే చేతికి లొంగదని పొట్టిది తీసుకున్నాడు. పట్టీ కొసను ముక్కు అంటారని, ముక్కు పైభాగం దేనికైనా తగిలితే రంపం ఎగిరి కోసేవాడి మీదికే వస్తుందని యజమాని చెప్పాడు. అందుకే రెండు చేతులూ రెండు పిడులనూ ఎన్నడూ వదలరాదని, ఎడమ బొటనవేలు ముందుపిడిని చుట్టి పట్టాలని తానే పట్టి చూపించాడు. ముఖానికి జాలీ ఉన్న హెల్మెట్టు, గొలుసును చిక్కించుకొని ఆపే నారపొరల లాగు, బూట్లు, తొడుగులు అన్నీ అన్న తీసుకున్నాడు. చెవులు మూసే డిప్పలు మాత్రం వద్దన్నాడు.

"చెవులు మూసేస్తే నా మాట ఎలా వింటాడు? నేను పక్కనుండి చెబుతుంటాను."

బ్యాటరీదైనా చెవులకు చేటేనని యజమాని రెండోసారి చెప్పాడు. అన్న వినిపించుకోలేదు.

ఆ సాయంత్రం రంపంతో వచ్చిన పుస్తకాన్ని రెండుసార్లు పైకి చదివి, తమ్ముడి చేత అప్పజెప్పించుకున్నాడు. మరదలు గుమ్మంలో నిలబడి, ఈ వయసులో మొగుడికి పరీక్ష పెడుతున్నారని, తప్పాడంటే తాను పక్క వీధికి తలెత్తుకుని వెళ్లలేనని బావగారిని ఆటపట్టించింది. తమ్ముడు ఒక్క మాట తప్పకుండా చెప్పాడు. భుజానికి పైన కోయరాదు. కొమ్మ ఎటు బిగిసి ఉందో చూడకుండా కోయరాదు. చేయి వదలరాదు.

మర్నాడు పొద్దున్నే అన్న గొలుసు బిగువు చూశాడు, నూనె పోశాడు, తమ్ముడి హెల్మెట్టు పట్టీ తానే బిగించాడు. ఇద్దరి మధ్య పది అడుగులు వదిలి నిలబడ్డాడు. మొదటి గంట పని చూడముచ్చటగా సాగింది. సన్నకొమ్మలు ఒకటొకటిగా రాలాయి. ఎంత మెత్తగా పట్టాడు నా తమ్ముడు, అని అన్న మనసు పొంగింది. మాటిమాటికీ హెచ్చరించవలసిన అవసరమే రాలేదు.

అప్పుడు మణికట్టంత లావున్న కొమ్మ ఒకటి గొలుసు తగలగానే గజగజ అదరసాగింది. రంపం నిలవడం లేదు. మీట వదిలి వెనక్కి రమ్మనవలసిన చోటు అది. ముందునాటి సాయంత్రం పుస్తకంలో ఆ వాక్యాన్ని అన్నే చదివాడు. కానీ ఆ క్షణాన అతడి కళ్లకు కొమ్మ కనబడలేదు. పనిబల్లమీద అదురుతున్న పలక కనబడింది.

"ఎడమ," అన్నాడు.

తమ్ముడి ఎడమచేయి ముందుపిడిని వదిలి కొమ్మమీద బిగిసింది. ఒంటిచేతిలో రంపం ఒరిగి, ముక్కు పక్కకొమ్మకు తగిలి ఎగిరింది. గొలుసు ఆగేసరికి తొడుగు చిరిగి ఉంది.

ఆ తరువాత చేయవలసినవన్నీ అన్న తప్పు లేకుండా చేశాడు. తువ్వాలు మడిచి గాయాన్ని అదిమాడు, చేయి పైకెత్తి పట్టాడు, తెగిన వేళ్లను శుభ్రమైన గుడ్డలో చుట్టి సంచిలో వేసి మంచుమీద పెట్టించాడు, పొరుగువారి కారులో ఆసుపత్రికి చేర్చాడు. కత్తికి తెగి ఉంటే అతికించేవాడినని, గొలుసు నమిలేసిందని డాక్టరు చెప్పాడు. బొటనవేలు, చూపుడువేలు పోయాయి.

చూడవచ్చిన వారందరికీ తమ్ముడు ఒకటే చెప్పాడు: తానే చేయి వదిలేశానని, బుద్ధి గడ్డి తిన్నదని. మరదలు ఏడుస్తూ భర్తనే తిట్టింది. బావగారు చిలక్కి చెప్పినట్టు చెప్పారు కదా, వింటేనా, అని. ఆ మాట అన్న ఎదుటే అని, కళ్లు తుడుచుకుని, మీరు పక్కన లేకపోతే మనిషే దక్కేవాడు కాదని చేతులు జోడించింది. అన్న ఆ చేతులవంక చూడలేక కిటికీవైపు తిరిగాడు.

తొమ్మిది రోజులు ఓర్చాడు. పదోనాడు మరదలు మందులకు వెళ్లినప్పుడు మంచం పక్కన కూర్చున్నాడు.

"ఆ రోజు నేనొక మాటన్నాను. నీకు వినబడిందా?"

"వినబడింది."

"మరి నువ్వే వదిలేశావని అందరికీ ఎందుకు చెబుతున్నావు?"

"వదిలింది నేనే కదా అన్నయ్యా."

"నేను అనబట్టి వదిలావురా."

తమ్ముడు కొంచెం ఆశ్చర్యంగా చూశాడు. "నువ్వు అన్నాక చేయి పెట్టకుండా ఎలా ఉంటాను?"

ఆ గొంతులో నిష్ఠూరం ఉందేమోనని అన్న వెతికాడు. ఆవగింజంత కూడా లేదు. తిట్టి ఉంటే తలవంచి పడేవాడు. క్షమించానంటే కాళ్లమీద పడేవాడు. క్షమించడానికి తమ్ముడి మనసులో అన్న చేసిన తప్పంటూ ఏదీ లేదు.

ప్రతి ఉదయం తప్పక దేవుణ్ణి తలచే మనిషి, మర్నాడు కళ్లు మూసుకుని ఏమి కోరాలో తెలియక కూర్చున్నాడు. వేళ్లు తిరిగి ఇమ్మని అడగలేడు. తమ్ముడు మరచిపోవాలని అడిగితే అది తన తప్పును దాచుకునే దొంగతనం. తాను మరచిపోవాలని అడగడానికి నోరు రాలేదు. చాలాసేపటికి చేతులు విప్పి లేచాడు.

నెల దాటాక చెట్లు కొట్టేవారు వచ్చి ఒక్క పూటలో మాను తొలగించి వెళ్లారు. గోడ నిలిచింది. పనిముట్లన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి.

కట్టు విప్పిన మర్నాడు తమ్ముడు పనిశాలలోకి వచ్చాడు. వద్దన్నా వినకుండా బల్లమీద పలక పెట్టి, కుడిచేతిలోకి చేతిరంపం తీసుకుని, మిగిలిన మూడు వేళ్లను పలకమీద ఆనించాడు. రంపం రెండుసార్లు లాగేసరికే పలక జారింది. సరిచేసి మళ్లీ పెట్టాడు. మళ్లీ జారింది. మూడోసారి కిందపడింది.

రంపం బల్లమీద పెట్టి అన్నవైపు తిరిగాడు. ముఖంలో కోపం లేదు, ఏడుపూ లేదు. పదేళ్ల వయసులో ఎలా అడిగేవాడో అలాగే అడిగాడు.

"చెప్పు అన్నయ్యా, ఇప్పుడెలా పట్టుకోమంటావు?"

అన్న నోరు తెరిచాడు. తమ్ముడు అన్న ముఖం వంకే చూస్తూ, చెబుతాడని నిలబడి ఉన్నాడు.