ఆకుకూరలు వారానికి ఎన్నిసార్లు?

గడచిన ఏడాదిలో మీరు ఆకుకూరలు వారానికి ఎన్నిసార్లు తిన్నారో చెప్పగలరా? చెప్పలేరు. నేనూ చెప్పలేను. మొన్న ఏం తిన్నామని అడిగితేనే తల గోక్కునే జాతి మనది. అయినా పద్దెనిమిదేళ్లుగా ఈ ప్రశ్నను ఇంటింటికీ మోసుకుంటూ తిరుగుతున్న మనిషి ఒకావిడ ఉంది. ఆహార పరిశోధన సంస్థలో ఆమె ఉద్యోగమే అది. ఫారంలో నూట ఇరవై ప్రశ్నలు, ప్రతి జవాబూ ఒక అంకె. 'గుర్తు లేదు' అనే గడి మాత్రం లేదు. ఆమె వెళ్లే వీధుల్లో అందరూ ఆమెను ప్రశ్నలమ్మ అంటారు.

ఆ అంకెలు ఆఫీసుకు వెళ్తాయి. అక్కడి పెద్దలు వాటిని కూడి, తీసి, భాగించి పేపర్లకు పంపిస్తారు. ఒక ఏడు గుడ్డు విషమంటారు, మరుసటి ఏడు అదే గుడ్డు అమృతమంటారు. ఏ ఎండకా గొడుగు. చెప్పేవాడికి వినేవాడు లోకువ మరి! కిందటి వారం పెద్దక్షరాలతో ఒక వార్త వచ్చింది: 'ఆకుకూరలు తినే ఒంటరి వృద్ధులు ఉక్కు మనుషులు'. ప్రశ్నలమ్మ దాన్ని కత్తిరించి సంచిలో పెట్టుకుంది. ఆ వృద్ధుల్లో దర్జీ బాబాయి ఒకడు. ఏటేటా ఒకటే జవాబు చెప్పే మనిషి. జవాబు మారకపోతే ఆ ఫారం మీద 'నమ్మదగినది' అని ముద్ర వేయడం ఆఫీసు పద్ధతి. బాబాయి ఫారాలన్నిటి మీదా ఆ ముద్ర ఉంది.

ఆ మధ్యాహ్నం ఏడోసారి ఆయన ముందుగదిలో కూర్చుంది. కుట్టుమిషను పక్కనే ఉంది. దాని మీద గుడ్డ కప్పి ఉంది.

"ఆకుకూరలు వారానికి ఎన్నిసార్లు బాబాయ్?"

"నాలుగు."

"గుమ్మడికాయ?"

"ఒకసారి. ఆదివారం."

మొదటి రెండేళ్లూ ఈ జవాబులు వంటింట్లోంచి వచ్చేవి. అప్పుడు పిన్ని ఉండేది. "ఆయన్ని అడుగుతావేంటమ్మా, ఆయనకి పెట్టింది తినడమే తెలుసు! ఆకుకూర నాలుగుసార్లు రాసుకో, ఆదివారం గుమ్మడికాయ," అని కేకేసి చెప్పేది. పిన్ని పోయి అయిదేళ్లు కావస్తోంది. 'వంట నేర్చుకున్నానమ్మా' అని బాబాయి అంటే ప్రశ్నలమ్మ నమ్మింది. ఎందుకు నమ్మకూడదు?

ఇరవయ్యో ప్రశ్న దగ్గర ఆమె గొంతు ఎండిపోయింది. మంచినీళ్లు అడిగింది. ఎప్పుడూ ఆయనే తెచ్చేవాడు. ఈసారి లేవబోయి మోకాలు పట్టుకుని మళ్లీ కూలబడ్డాడు.

"కాస్త నువ్వే తెచ్చుకో తల్లీ," అన్నాడు. అని, అన్నందుకు నాలిక కరుచుకున్నాడు.

వంటింట్లో పొయ్యి మీద వేలితో పేరు రాసుకునేంత దుమ్ము ఉంది. గట్టు మీద రొట్టె ప్యాకెట్టు, టీ కాచుకునే కరెంటు కెటిల్, ఒక గ్లాసు. అటక మీద గిన్నెలన్నీ చీరలో మూటకట్టి ఉన్నాయి. చీర ముడి విప్పిన ఆనవాలే లేదు. అయిదేళ్లుగా ఆయన రొట్టె, టీ మీద బతుకుతున్నాడు. అదీ ఉక్కు మనిషి సంగతి!

నీళ్లు తాగకుండానే వెనక్కి వచ్చింది.

"ఎందుకు బాబాయ్ అబద్ధం చెప్పారు?"

ఆయన చేయి మిషను మీది గుడ్డ మీదికి వెళ్లింది.

"అబద్ధం కాదమ్మా. నువ్వు ఏడాదికోసారి వచ్చి పేరుపేరునా అడుగుతావు. పాలకూర తిన్నారా, బీన్స్ తిన్నారా, గుమ్మడికాయ తిన్నారా అని. ఒక్కో పేరూ వింటుంటే మీ పిన్ని చేతిలో గిన్నెతో ఎదురుగా నిలబడుతుంది. ఆ గంటసేపూ దాని వంట మళ్లీ తింటాను. ఏడాదంతా ఆ గంట కోసమే చూస్తాను."

ప్రశ్నలమ్మకు సంచిలో ఉన్న పేపరు ముక్క గుర్తొచ్చి సిగ్గేసింది. ఎంతమంది పిన్నమ్మల కూరలు కలిసి ఆ వార్త అయ్యాయో ఎవడికి తెలుసు?

"నిజం రాస్తే నా పేరు కొట్టేస్తారా?" అన్నాడాయన.

"కొట్టేస్తారు బాబాయ్. జవాబు ఒక్కసారిగా మారితే నమ్మరు."

"అయితే ఇంక రావన్నమాట."

ఆ మాట ఆయన మామూలుగానే అన్నాడు. చేతులు మాత్రం మిషను మీది గుడ్డను సర్దుతూనే ఉన్నాయి. ఆమె కలం మూత పెట్టింది. మళ్లీ తీసింది. నాలుగు అలాగే ఉంచితే ఆ చేతులకు ఇంకో ఏడాది ఆశ. నిజం రాస్తే అదీ లేదు.

"సరేలే అమ్మా. ఇంతకీ నువ్వు తిన్నావా?" అన్నాడాయన.

పద్దెనిమిదేళ్లలో ఎన్ని వేల మందిని అడిగిందో, ఒక్కరూ తిరిగి అడగలేదు. వాళ్లమ్మ ఒక్కతే అడిగేది. ఏ ఎండలో ఏ గుమ్మంలో ఉన్నా సరిగ్గా ఈ వేళకు ఫోను చేసి, "తిన్నావా?" అనేది. 'తిన్నానమ్మా, పెట్టెయ్' అని ఈవిడ విసుక్కునేది. చాలాసార్లు తినేది కాదు. ఆ ఫోను ఆగిపోయి మూడేళ్లు. ఇప్పుడు ఒక్కసారి మోగితే చాలు, తిన్న ప్రతి మెతుకూ లెక్కపెట్టి చెబుతుంది. ఆ లెక్క ఎవరికి కావాలి?

"తిన్నాను," అంది అలవాటుగా. వెంటనే కళ్లు తుడుచుకుంది. "లేదు బాబాయ్. తినలేదు."

"నీకూ అబద్ధాలొచ్చే!" అని ఆయన నవ్వాడు.

ఆమె సంచిలో దారిలో కొన్న పాలకూర కట్ట ఉంది. ఊరందరినీ ఆకుకూరలు తిన్నారా అని అడిగే మనిషి ఇంట్లో కట్టలు వాడిపోతుంటాయి, ఆ భాగోతం వేరు. కట్ట తీసి ఆయన చేతిలో పెట్టి, స్టూలెక్కి అటక మీది మూట దించింది. ముడి మాత్రం ఆయన్నే విప్పమంది. చాలాసేపు పట్టింది. ఇద్దరూ తొందరపడలేదు.

కూర కుదరలేదు. ఉప్పు ఎక్కువైంది. రొట్టెతో ఇద్దరూ గిన్నె ఖాళీ చేశారు. "అది చూస్తే నవ్వి చచ్చేది," అన్నాడు బాబాయి. 

చేయి కడుక్కుని ప్రశ్నలమ్మ ఫారం ముందుకు లాక్కుంది. నాలుగు కొట్టేసింది.

"ఇక వచ్చే ఏడు రావు కదూ?"

"వచ్చే ఏడు కాదు బాబాయ్, వచ్చే వారం వస్తాను, ఆపై ప్రతి వారమూ. ఫారం ఉండదు."

ఆకుకూరలు, వారానికి ఎన్నిసార్లు? గడిలో ఒకటి అని రాసింది.