నాలుగు వేళ్ల వాటం

"అట్ల కాదు బిడ్డా, ఆగు. కొట్టేసి మళ్ల రాయి. అర దానంతట అదే దొర్లిందని కాదు. ఈ గౌరయ్య తాత, అంటే నేను, చేసిన పనికి దొర్లిందని రాయి. జానకమ్మకు మన మాట సగమే తెలుస్తది, అందుకని నువ్వు పుస్తకంల ఉన్నట్టు రాసుకో. మనుషులు అన్నయి మాత్రం అన్నట్టే ఉంచు. ఇగ మొదటి నుంచి చెప్త, రాయి అశ్రితా."

తూంకుంటలో మా ఇంటి కింది వాటా శ్రీదివ్య వాళ్లకు అద్దెకిచ్చి రెండేళ్లయింది. శ్రీదివ్య, భర్త సుధీర్, అత్త జానకీదేవి. గోదావరి వైపు మనుషులు. సుధీర్ పొద్దున పోతే చీకటి పడ్డాక వస్తాడు. శ్రీదివ్య ముందు హాల్లో జాకెట్లు కుడుతుంది. బట్టలు పెట్టుకోవడానికి చెక్క అరలు మూడు తెప్పించింది. డబ్బా మీద డబ్బా పేర్చి బోల్టులు బిగించుకునే రకం. ఒక్కొక్కటి నా ఛాతీ ఎత్తు ఉంటుంది.

ఆ హాలు ఒక్కటే, పనులు మూడు. పొద్దున గుడ్డ పరిచి కత్తిరించాలంటే నేలంతా కావాలి. మధ్యాహ్నం జానకమ్మ మంచం వేసుకోవాలి. సాయంత్రం ఆడవాళ్లు జాకెట్లు తొడిగి చూసుకోవడానికి వస్తే అరలు అడ్డంగా పెట్టి చాటు చేయాలి. అందుకని శ్రీదివ్య రోజుకు మూడుసార్లు వాటిని ఈడ్చేది. ఆమె నడుము పట్టేసింది. నా టైల్స్ మీద గీతలు పడ్డాయి. నిజం చెప్పాలంటే నాకు ముందు కనబడింది గీతలే.

అరల కింద గిరకలు పెడదామని నేనే అన్నాను. మేడ్చల్ పోయి జనార్ధన్ దుకాణంలో అడిగాను.

"ఏం తాతా, కొత్త బండి కడుతున్నవా?" అన్నాడు జనార్ధన్.

"బండే అనుకో. అరల కింద పెట్టాలె."

"అయితే అరకు నాలుగు. రెండు బ్రేకుయి, రెండు ఉత్తయి. బ్రేకుయి ముంగటికి రావాలె, కాలుకు అందేటట్టు. మరి ఎడ్లు ఏడికెళ్లి తెస్తవ్?"

"ఎడ్లెందుకురా, నువ్వున్నవ్ కద" అన్నాను.

అరల అడుగు చెక్క పల్చగా ఉంది, మరమేకు కొడితే పట్టదు. అందుకని ఒక్కో అర కింద మందం ప్లైవుడ్ పలక వేసి, పలకకూ అడుగుకూ కలిపి బోల్టులు దించి, వాటికి గిరకలు బిగించాను. రెండు రోజులు పట్టింది. మా ఇంటిది విజయమ్మ మెట్ల మీద కూర్చుని చూసింది.

"పొలం పోయినంక నీ చేతులకు దురద పట్టింది" అంది.

"నీ బియ్యం డబ్బాకు గూడ పెట్టాల్నా?"

"నాకొద్దు. నా బియ్యం ఉన్నకాడ ఉంటె సాలు."

శ్రీదివ్య అరను ఒక వేలితో తోసి చూసింది. "తాతయ్యగారూ, ఒక్క వేలికే వెళ్లిపోతోందండీ!" అంది. జానకమ్మ కూడా ఒకసారి తోసింది. "బాగానే ఉందిగానీ, అటూ ఇటూ పోకుండా ఉంటుందా?" అని అడిగింది. బ్రేకు తొక్కి చూపించాను. నిలబడింది. పది రోజులు ఏ ఇబ్బందీ లేదు.

పదకొండో రోజు గిరకలు కిర్రుమంటున్నాయి. ఎడ్లబండి తోలిన చేయి నాది. చక్రం కిర్రుమంటే ఆముదం పెట్టాలి, ఇంకో మాట లేదు. శ్రీదివ్య పైన బట్టలు ఆరేస్తుంటే పోయి పన్నెండు గిరకలకూ పెట్టాను. ఇరుసుకు పెట్టాను, రబ్బరుకు పెట్టాను, బ్రేకు పలకకు కూడా పెట్టాను. ఆమెను అడగలేదు. తర్వాత చెప్పలేదు.

ఇక్కడ ఇల్లు కట్టిన సంగతి చెప్పాలి. హాలు కడిగితే నీళ్లు నైరుతి నుంచి ఈశాన్యానికి పోవాలని, నేలకు గట్టిగా వాటం పెట్టమన్నాను. మేస్త్రి ఒక వేలు చాలన్నాడు. నేను నాలుగు వేళ్లన్నాను. "పటేలా, ఇది ఇల్లా, వరిమడా?" అన్నాడు. నా మాటే నెగ్గింది. ఈశాన్యం మూలలో నీళ్లు పోయే కంత పెట్టించాను. ఆ పక్కనే దేవుని గది. చిన్నది, దాని తలుపు హాల్లోకి తెరుచుకుంటుంది. ఆ హాల్లో చింతగింజ కింద పడినా అక్కడికే దొర్లుతుంది. అది నాకు పదిహేనేళ్లుగా తెలుసు. గిరకలు బిగించేటప్పుడు మాత్రం గుర్తు రాలేదు.

ఆముదం పెట్టిన మర్నాడు పొద్దున జానకమ్మ పూజకు కూర్చుంది. గుడ్డల నూగు ఎగిరి దీపంలో పడుతుందని ఆమె ఎప్పుడూ తలుపు మూసుకునే కూర్చుంటుంది. శ్రీదివ్య అరలను నైరుతి గోడకు పెట్టి, బ్రేకులు తొక్కి, ముందు తలుపు దగ్గరికి వేసి, పక్క వీధిలో జాకెట్లు ఇవ్వడానికి పోయింది. కాసేపటికి ఒక అర జారింది. హాలు దాటి పోయి దేవుని గది తలుపుకు ఆనుకుంది. ముందు గిరక కంతలో దిగబడింది. ఇక లోపలి నుంచి తోస్తే కదలదు.

నేను పైన వరండాలో ఉన్నాను. కింది నుంచి జానకమ్మ గొంతు వినబడింది. స్తోత్రం గట్టిగా చదువుకుంటోందనుకున్నాను. చాయ్ తాగాను. గొంతు ఆగలేదు. "ఎవరన్నా ఉన్నారా?" అన్నది తెలిసి కిందికి దిగాను. నా దిగడం నీకు తెలిసిందే.

బురదలో దిగబడిన బండికి పెట్టినట్టు అరకు భుజం పెట్టి లేపాను. తలుపు తెరుచుకుంది. గదిలో కిటికీ లేదు. అగరుబత్తి పొగ నిండి ఉంది. జానకమ్మ గోడకు ఆనుకుని కూర్చుంది. చెమటకు జాకెట్టు తడిసింది. దీపం ఆరి ఉంది.

"పొగకు ఊపిరాడలేదండీ" అంది. "నా చేత్తో నేనే దీపం ఆర్పుకున్నాను. నలభై ఏళ్లలో ఎప్పుడూ చేయని పని."

గదిలో చిక్కుకున్నదాని కంటే ఆమెకు అదే పెద్దదని ఆ మాటలోనే తెలిసింది.

శ్రీదివ్య అప్పుడే వచ్చింది. అత్త ఆమెనే చూసి అంది. "బ్రేకు తొక్కడం కూడా చేతకాదా నీకు? కుట్టుపనిలో పడితే ఇంట్లో మనిషి ఉందన్న సంగతే గుర్తుండదు."

"తొక్కానండీ అత్తయ్యా. మూడింటికీ తొక్కాను."

"తొక్కితే ఎలా వస్తుంది? కాళ్లొచ్చాయా దానికి?"

నా చేయి అర మీదే ఉంది. కిందికి చూస్తే బ్రేకు తొక్కే ఉంది. రబ్బరు మీద ఆముదం మెరుస్తోంది. నీళ్లు తాగమ్మా అని మాత్రం జానకమ్మకు చెప్పి పైకి వచ్చాను.

మర్నాడు జానకమ్మ తణుకులో చెల్లెలి ఇంటికి పోయింది. ఆ అరలు, ఆ కుట్టుమిషను ఉన్నంతకాలం ఈ గడప తొక్కనని చెప్పి పోయింది. సుధీర్ తల్లి మాట కాదనలేక, వచ్చే ఆదివారం లోపల మిషను ఎవరికైనా ఇచ్చేయమని శ్రీదివ్యతో అన్నాడు. ఆమె ఒప్పుకున్న జాకెట్లన్నీ తిరిగి ఇస్తోంది. ఒక్కొక్కరికీ ఫోను చేసి చెప్పడం మెట్ల మీదికి వినబడుతోంది.

నిన్న విజయమ్మకు సంగతి చెప్పాను.

"నోరు నాకు చెప్పేటందుకే ఉన్నదా?" అంది. "చెప్పాల్సిన కాడ చెప్పు."

ఫోను చేశాను. నేను హలో అని, బాగున్నావా అని, ఆముదం దాకా వచ్చేలోపల జానకమ్మ "తర్వాత మాట్లాడదామండీ" అని పెట్టేసింది. రెండుసార్లు అట్లే అయింది. నా మాట ఎప్పుడూ నెమ్మదే. అందుకే నిన్ను రాయమన్నాను.

ఇవాళ పొద్దున చేసింది కూడా రాయి. గిరకలన్నీ కిరసనాయిలుతో కడిగాను. బ్రేకు గిరకలు ఆరూ తీసేసి కొత్తవి బిగించాను. కంత మీద ఇనుప జాలీ పెట్టాను. దేవుని గది తలుపును లోపలికి తెరుచుకునేటట్టు మార్పించాను. గది ముందర నేల మీద టేకు పట్టీ ఒకటి అడ్డంగా కొట్టాను. దానికి టైల్స్‌లో నాలుగు రంధ్రాలు చేయాల్సి వచ్చింది. ఒక టైల్ పగిలింది. తర్వాత అరను నైరుతి గోడ దగ్గర పెట్టి, కావాలనే బ్రేకు తీసి వదిలాను. పోయి పట్టీకి కొట్టుకుని ఆగింది. మూడుసార్లు వదిలాను. మూడుసార్లూ ఆగింది. శ్రీదివ్య తలుపు దగ్గర నిలబడి చూసింది. ఆమెకు కూడా ఆముదం సంగతి అప్పుడే చెప్పాను.

"ఆ రోజే చెప్పి ఉంటే బాగుండేది తాతయ్యగారూ" అంది. అంతే అంది.

ఆరిన దీపానికి నేను చేయగలిగింది లేదు. ఆ తప్పు జానకమ్మది కాదు, కోడలిది అంతకన్నా కాదు.

"అయిపోయింది బిడ్డా. ఇగ ఫోన్ చేసి జానకమ్మకు ఇది చదివి వినిపియ్యి. నేను చెప్పమన్ననని ముందుగాల చెప్పకు, పెట్టేస్తది. ఆదివారం రాకముందే చదువు. దీపం కాడికి వచ్చినంక జర ఆగు, ఆమె ఏమన్న అంటె విను, మధ్యల మాట్లాడకు. శ్రీదివ్య మూడు అరలకు బ్రేకులు తొక్కిందన్న కాడ మాత్రం రెండుసార్లు చదువు."